ఇంగ్లండ్ పల్లెల్లో ఒక చిన్న అడవిని చూసి రావడం ఎలా?

ఇంగ్లండ్‌లో పొలాల మధ్య, ఊళ్ల అంచున కనిపించే అడవులు చాలావరకు చిన్నవి. ఈ చివర నుంచి ఆ చివరికి అరగంటలో నడిచేయవచ్చు. పులి లేదు, ఎలుగు లేదు, తోడేళ్లు వందల ఏళ్ల కిందటే అంతరించాయి. జలపాతాలూ కొండ అంచులూ ఉండవు. అందుకే కాబోలు, చదువుకో ఉద్యోగానికో ఇక్కడికి వచ్చిన మనవాళ్లు సెలవు దొరికితే లేక్ డిస్ట్రిక్ట్‌కో స్కాట్లండ్‌కో గంటల తరబడి కారు నడుపుతారు గాని, ఇంటికి పది మైళ్లలో ఉన్న అడవి వైపు తొంగి చూడరు. చూసినా జూలైలోనో జనవరిలోనో వెళ్లి, చెట్లూ బురదా తప్ప ఏమీ లేవని తిరిగి వస్తారు. ఈ అడవికి దూరం ముఖ్యం కాదు, వారం ముఖ్యం. సరైన వారంలో వెళ్లి, తల పైకెత్తడం మాని నేలవైపు చూడటం తెలిస్తే ఇరవై ఎకరాల అడవికి ఒక పూట చాలదు.

1. ముందు నెల ఖాయం చేసుకోండి

ఈ అడవుల్లో ఉండేవి ఓక్, ఆష్, బీచ్, హేజెల్, బర్చ్ లాంటి ఆకురాల్చే చెట్లు. మన నల్లమల కూడా ఆకురాల్చే అడవే. అయితే అక్కడ చెట్లు ఎండాకాలపు నీటి ఎద్దడికి ఆకు విడుస్తాయి, ఇక్కడ శీతకాలపు చలికీ వెలుతురు కరువుకూ విడుస్తాయి. మార్చి నెలలో రెండుచోట్లా కొమ్మలు బోసిగానే ఉంటాయి, కారణాలే వేరు.

ఆ బోసితనమే ఇక్కడ అసలు విశేషం. మార్చి వచ్చేసరికి ఎండ కాస్త బలపడుతుంది, కొమ్మలకు ఇంకా ఆకు ఉండదు, వెలుతురు నేరుగా నేలమీద పడుతుంది. మే నెలాఖరుకు పైన ఆకులు కమ్ముకుని కింద చీకటి పరుచుకుంటుంది. నేలనంటి పెరిగే మొక్కలు పూసేందుకూ, వచ్చే ఏటికి కావలసిన ఆహారం దుంపల్లో దాచుకునేందుకూ దొరికేది ఈ మధ్యలోని కొన్ని వారాలే. అందుకే అన్నీ తొందరపడతాయి. ముందు పసుపుపచ్చని సెలండైన్, లేత పసుపు ప్రిమ్‌రోజ్ పూస్తాయి. వెనుకే తెల్లటి వుడ్ అనెమొనీ వస్తుంది, మబ్బు పట్టిందంటే ఈ పువ్వు రేకులు ముడుచుకుంటుంది. ఏప్రిల్ నడిమి నుంచి మే నడిమి దాకా బ్లూబెల్స్. ప్రపంచంలోని బ్లూబెల్స్‌లో దాదాపు సగం బ్రిటన్‌లోనే ఉన్నాయని అంచనా. బాగా పూసినచోట నేల కనిపించదు, చెట్ల మొదళ్లన్నీ నీలంలో మునిగి ఉంటాయి.

ఒక్కసారే వెళ్లగలిగితే ఏప్రిల్ చివరి వారం, మే మొదటి వారం మధ్య వెళ్లండి. ఉత్తరాదిన ఇంకొంచెం ఆలస్యం. పొద్దున్నే వెళ్లగలిగితే మరీ మంచిది, ఆ రోజుల్లో తెల్లవారుజామున పక్షుల అరుపులు సంవత్సరమంతటిలో ఎక్కువగా ఉంటాయి. రెండోసారి వెళ్లే ఓపిక ఉంటే అక్టోబరు చివర, నవంబరు మొదట్లో. అప్పుడు బీచ్ ఆకులు రాగి రంగుకు, ఫీల్డ్ మేపుల్ పసుపుకు తిరుగుతాయి. జూలై, ఆగస్టు నెలలను నేను సిఫారసు చేయను. పువ్వులు అయిపోతాయి, పక్షులు నోరు కట్టేసుకుంటాయి, ముళ్లపొదలు దారిమీదికి వస్తాయి. శీతకాలంలో వెళ్లేవారు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి: డిసెంబరులో లండన్ చుట్టుపక్కల నాలుగు గంటలు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు.

2. మీరు అడుగుపెట్టదగిన అడవేనా చూసుకోండి

కంచె లేదని లోపలికి వెళ్లిపోకూడదు. ఇంగ్లండ్‌లో అడవుల్లో చాలావాటికి సొంతదారులున్నారు. 2000లో వచ్చిన చట్టం కొండలు, బీడు భూములు, ఉమ్మడి భూములు లాంటి చోట్ల ఎవరైనా స్వేచ్ఛగా తిరిగే హక్కు ఇచ్చింది గాని, మామూలు అడవులన్నిటికీ ఆ హక్కు రాలేదు. స్కాట్లండ్‌లో పద్ధతి వేరు, అక్కడ విన్నది ఇక్కడ చెల్లదు.

తేలిక దారి ఏమిటంటే, జనం కోసమే తెరిచి ఉంచిన అడవిని ఎంచుకోవడం. వుడ్‌ల్యాండ్ ట్రస్ట్ అనే సంస్థ 1972లో మొదలైంది, దాని చేతిలో వెయ్యికి పైగా అడవులున్నాయి, ప్రవేశం ఉచితం. నేషనల్ ట్రస్ట్, ఫారెస్ట్రీ ఇంగ్లండ్, జిల్లాల వారీగా పనిచేసే వైల్డ్‌లైఫ్ ట్రస్టుల అడవులు కూడా చూడవచ్చు. మిల్టన్ కీన్స్‌లో ఉండేవారికి హౌ పార్క్ వుడ్ ఊళ్లోనే ఉంది. స్లౌ వైపు ఉన్నవారికి బర్నమ్ బీచెస్ దగ్గర. లండన్ సిటీ కార్పొరేషన్ 1880లో కొని కాపాడుతున్న ఆ అడవిలో బొజ్జలు వేలాడే ముసలి బీచ్ చెట్లున్నాయి. ఆక్స్‌ఫర్డ్ పక్కన విథమ్ వుడ్స్‌కు మాత్రం ముందుగా అనుమతి తీసుకోవాలి. అది విశ్వవిద్యాలయం అడవి, 1947 నుంచి అక్కడ గ్రేట్ టిట్ అనే చిన్న పిట్టల గూళ్లను ఏటా లెక్కపెడుతూ చదువుతున్నారు.

ఇవేవీ దగ్గర్లో లేకపోతే ఆర్డ్‌నెన్స్ సర్వే (బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ) వారి ఎక్స్‌ప్లోరర్ మ్యాపు తెరవండి. 1:25,000 స్కేలుది, నారింజ రంగు అట్ట. అందులో ఆకుపచ్చ చిన్న గీతల వరుస ఉంటే అది ఎవరి భూమిలోంచి వెళ్లినా మీరు నడవగల కాలిబాట. నల్ల గీతల వరుస అంటే అక్కడ బాట ఉందని మాత్రమే, నడిచే హక్కు ఉందని కాదు. ఫోనులో మ్యాపు వాడేవారు ఇంటి దగ్గరే దాన్ని దించుకోవాలి. అడవిలో సిగ్నల్ మీద ఆధారపడలేం.

3. కాళ్లకు, ఒంటికి

మే నెలలో కూడా బురద ఉంటుంది. తెల్ల స్నీకర్లు వద్దు, రబ్బరు బూట్లో నడక బూట్లో కావాలి. ప్యాంటు పొడుగ్గా ఉండాలి, దాని అంచులు మేజోళ్లలోకి దోపుకోవాలి, చూడటానికి బాగోకపోయినా సరే. వాన కోటు సంచిలో ఉండి తీరాలి. మరుగుదొడ్డి ఉండదు, దుకాణం ఉండదు, కొన్ని పల్లెలకు ఆదివారం బస్సే ఉండదు. పులిహోర డబ్బా తీసుకువెళ్లండి, ఖాళీ డబ్బాతోపాటు చెత్తంతా వెనక్కి తెచ్చుకోండి. పొయ్యి వెలిగించడం, బార్బెక్యూ పెట్టడం కుదరవు. పాటల స్పీకరు ఇంట్లోనే ఉండనివ్వండి.

4. పొలాల మీదుగా అడవి దాకా

చాలాసార్లు కారు ఆపిన చోటి నుంచి అడవికి ఒకటి రెండు పొలాలు దాటాలి. గేటు తెరిచి ఉంటే తెరిచే వదిలేయండి, మూసి ఉంటే దాటాక మూయండి. రైతు దాన్ని అలా ఉంచడానికి కారణం ఉంటుంది. కంచె మీదుగా ఎక్కి దిగే చెక్క మెట్లు వానకు జారుతాయి. గుంజల మీద బాణం గుర్తులు చూడండి: పసుపు బాణం నడిచేవారికి, నీలం బాణం నడిచేవారితోపాటు గుర్రాలకూ సైకిళ్లకూ.

ఆవులను మనం చిన్నప్పటి నుంచి చూసినవాళ్లమే గాని, ఇక్కడి పచ్చికబయళ్లలో దూడలతో ఉన్న మంద దగ్గరకు వెళ్లి ఫోటోలు దిగడం మంచిది కాదు. ముఖ్యంగా వెంట కుక్క ఉంటే తల్లులు మీదికి వస్తాయి. దూరంగా చుట్టి వెళ్లండి. అవి తరిమితే కుక్క తాడు వదిలేయాలి, కుక్క తప్పించుకోగలదు.

5. లోపలికి వెళ్లాక నేలను చదవండి

అడుగుపెట్టగానే ఫోటోలకు దిగకుండా అంచు దగ్గర ఆగండి. పాత అడవి అంచున తరచుగా ఒక మట్టి గట్టు, దాని బయటివైపు ఒక కందకం కనిపిస్తాయి. వానలకు అరిగి తక్కువ ఎత్తులో ఉంటుంది కాబట్టి చాలామంది దాటుకుంటూ పోతారు. మధ్యయుగాల్లో తవ్వినవి ఎన్నో ఉన్నాయి. పశువులు లోపలికి రాకుండా కట్టిన గట్టు అది. కందకం బయటివైపు ఉండటంతో లోపలికి వచ్చే జంతువు పల్లంలోకి దిగి, మళ్లీ గట్టెక్కాలి. పశువులంటే అంత భయం ఎందుకో తెలియాలంటే హేజెల్ పొదల దగ్గరకు వెళ్లాలి.

ఒకే మొదలు నుంచి పది, ఇరవై సన్నని కాండాలు నిటారుగా లేచిన పొదలు కనిపిస్తాయి. అవి వాటంతట అవే అలా పెరిగినవి కావు. ఏడు నుంచి పదేళ్లకోసారి నేలమట్టంగా నరికితే మోడు నుంచి పిలకలు వస్తాయి, మన జామాయిల్ తోటల్లో వచ్చినట్టే. ఆ కర్రలతో దడులు అల్లారు, గడ్డికప్పులు బిగించే పుల్లలు చేశారు, బొగ్గు కాల్చారు. లేత పిలకలను పశువో జింకో మేస్తే పదేళ్ల పంట పోయినట్టే, అందుకే కందకం. ఇలా నరికే పద్ధతిని కాపిసింగ్ అంటారు. సఫోక్‌లో బరీ సెయింట్ ఎడ్మండ్స్ పట్టణానికి దగ్గరున్న బ్రాడ్‌ఫీల్డ్ వుడ్స్‌లో ఈ పని 1252 నుంచి సాగుతోంది. ఆ అడవి ఇప్పుడు సఫోక్ వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ చేతిలో ఉంది. నన్నడిగితే మొదటిసారి చూడటానికి దాన్ని మించినది లేదు. ఒక ముక్క ఈ ఏడాది నరికినది, పక్కది మూడేళ్ల కిందటిది, ఆ పక్కది పదేళ్లది. ఎండ పడ్డ ముక్కలో పువ్వులు ఎలా విరగబడి పూస్తాయో, నీడ ముదిరినచోట ఎలా వెనక్కి తగ్గుతాయో కొన్ని అడుగుల తేడాలో కనిపిస్తుంది. ఆక్స్‌లిప్ అనే లేత పసుపు పువ్వు కూడా అక్కడ ఉంది. ఇంగ్లండ్‌లో అది తూర్పున సఫోక్, ఎసెక్స్, కేంబ్రిడ్జ్‌షైర్ కలిసే మూలను దాటి పెద్దగా కనిపించదు.

నరికి నాశనం చేశారని చూసి నొచ్చుకునేవారుంటారు. నరకడం ఆపేసిన చోటే అడవి చీకటైపోయి పువ్వులు తగ్గాయి.

అడవి వయసును పువ్వులు చాలావరకు చెబుతాయి. ఇంగ్లండ్‌లో 1600 నుంచి ఎడతెగకుండా అడవిగా ఉన్న నేలను ప్రాచీన అడవిగా గుర్తిస్తారు. బ్లూబెల్, వుడ్ అనెమొనీ, డాగ్స్ మెర్క్యురీ, అడవి వెల్లుల్లి, ఇవన్నీ కొత్తగా నాటిన చెట్ల కిందికి అంత త్వరగా చేరవు. ఒక్కటి కనిపిస్తే చెప్పలేం గాని, నాలుగైదు ఒకేచోట ఉంటే ఆ నేల పాతదని ఊహించవచ్చు. వెల్లుల్లిని వెతకనక్కరలేదు, వాసనే పిలుస్తుంది.

చెట్లను గుర్తుపట్టడానికి పుస్తకం మోయనక్కరలేదు. ఓక్ ఆకు అంచు గుండ్రటి వంపులతో ఉంటుంది. ఆష్‌కు వేపలా ఈనెకు రెండువైపులా ఆకులుంటాయి, చలికాలంలో దాని మొగ్గలు మసి నలుపు. బీచ్ బెరడు నున్నగా, బూడిద రంగులో. బర్చ్ తెల్లగా.

ఒకచోట పది నిమిషాలు కదలకుండా కూర్చోండి. వడ్రంగిపిట్ట చెక్క మీద డోలు కొట్టడం, చిఫ్‌చాఫ్ అనే చిన్న పిట్ట తన పేరునే పదేపదే పలకడం వినిపిస్తాయి. పొదలోంచి కుక్క మొరిగినట్టు వినిపిస్తే అది కుక్క కాకపోవచ్చు. మంట్‌జాక్ అనే పొట్టి జింక అలాగే అరుస్తుంది. చైనా నుంచి తెచ్చి పెంచితే తప్పించుకుని దక్షిణ ఇంగ్లండంతా పాకింది. పువ్వులూ పిలకలూ దానికి మహా ఇష్టం, అడవి కాచేవారికి అదొక తలనొప్పి.

6. తొక్కకూడనివి, తినకూడనివి

బ్లూబెల్స్ మధ్య కూర్చుని ఫోటో దిగాలనిపిస్తుంది. వద్దు. నలిగిన ఆకు ఆహారం తయారు చేయలేదు, దుంప బక్కచిక్కుతుంది, ఆ చోటు కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. విత్తనం మొలిచి పువ్వు పూసేసరికే ఐదేళ్లు. బాట మీద నిలబడి, కెమెరాను కిందికి దించి తీస్తే మీరు పువ్వుల మధ్యే ఉన్నట్టు వస్తుంది. దుంపలు తవ్వుకుపోవడం 1981 నాటి వన్యజీవుల చట్టం ప్రకారం నేరం.

అడవి వెల్లుల్లి ఆకులు కోసి పచ్చడి చేద్దామనుకునేవారికి ఒక హెచ్చరిక: లార్డ్స్ అండ్ లేడీస్ అనే విషపు మొక్క దాని పక్కనే, దాని మధ్యనే మొలుస్తుంది. లేతగా ఉన్నప్పుడు ఆకులు ఒకేలా ఉంటాయి, చేతికి అప్పటికే వెల్లుల్లి వాసన అంటి ఉంటుంది కాబట్టి ముక్కు కూడా మోసపోతుంది. పుట్టగొడుగుల విషయంలో సలహా ఇంకా చిన్నది: తెలిసినవారు పక్కన లేకుండా ముట్టవద్దు. ప్రాణం తీసే డెత్ క్యాప్ ఈ ఓక్, బీచ్ చెట్ల కిందే పెరుగుతుంది.

గాలి బాగా వీచే రోజు వెళ్లకండి. 2012లో బ్రిటన్‌లో బయటపడిన శిలీంధ్రపు తెగులుతో ఆష్ చెట్లు పెద్దఎత్తున ఎండుతున్నాయి, ఎండిన కొమ్మ చెప్పి విరగదు. ఎవరికైనా దెబ్బ తగిలితే 999కు ఫోను చేసి, మీరున్న చోటును తెలిపే మ్యాపు మీది గ్రిడ్ సంఖ్య చెప్పండి. అడవికి చిరునామా ఉండదు.

7. ఇంటికి వచ్చాక

బూట్ల మట్టిని అక్కడే దులిపి, ఇంటి దగ్గర కడిగి ఆరబెట్టండి. చెట్ల తెగుళ్లు మట్టితోనే ఒక అడవి నుంచి మరొక అడవికి ప్రయాణం చేస్తాయి. తరువాత స్నానానికి ముందే ఒళ్లంతా చూసుకోండి: మోకాలి వెనుక, చంక, గజ్జ, పిల్లలకైతే తల, చెవుల వెనుక. గసగసంత పిడుదు కూడా కరుస్తుంది, కొన్నింటి వల్ల లైమ్ జబ్బు వస్తుంది. కనిపిస్తే సన్న మొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, నలపకుండా నిదానంగా పైకి లాగాలి. నూనె పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. ఆ చోట ఎర్రటి మచ్చ వలయంలా పెరుగుతున్నా, జ్వరం, నీరసం వచ్చినా డాక్టరు దగ్గరకు వెళ్లి, అడవికి వెళ్లిన సంగతి చెప్పండి. మచ్చ సాధారణంగా నాలుగు వారాల లోపే వస్తుంది, కొందరికి మూడు నెలలు పట్టవచ్చు. కాబట్టి వెళ్లిన తేదీ క్యాలెండరులో రాసి పెట్టుకోండి.