కార్డుల సేకరణ, సిబిల్ సాధన – మూడవ పాఠం: రెండు తేదీల లెక్క

గత రెండు పాఠాలలో ఫిక్సెడ్ డిపాజిట్ మీద మొదటి క్రెడిట్ కార్డు ఎలా తీసుకోవాలో, చేతికి వచ్చిన కార్డును ఎలా యాక్టివేట్ చేసుకోవాలో చూశాం. ఈ పాఠంలో ఆ కార్డుకు ఉండే రెండు తేదీలను పట్టుకోవాలి. ఒకటి స్టేట్‌మెంట్ తేదీ, అంటే నెల బిల్లు తయారయ్యే రోజు; రెండవది డ్యూ డేట్, అంటే బిల్లు కట్టవలసిన గడువు. కార్డుల సేకరణను సరదాగా మొదలుపెట్టినవారిలో చాలామంది రివార్డు పాయింట్ల దగ్గర, విమానాశ్రయ లాంజిల దగ్గర ఆగిపోతారు. నా ఉద్దేశంలో ఈ విద్యకు పునాది తేదీలే. రెండవ కార్డు ఏది తీసుకోవాలన్న ప్రశ్నకు సగం జవాబు కూడా వాటిలోనే ఉంది.

తేదీకి డబ్బు కట్టడం చిత్తూరు, తిరుపతి ప్రాంతాలవారికి కొత్త సంగతేమీ కాదు. వీధిలో పదిమంది కలిసి వేసుకునే చీటీలో పాట రోజు ఎప్పుడో, ఎంత కట్టాలో ఇంటి ఆడవాళ్లకు క్యాలెండర్ చూడకుండానే తెలుసు. అయితే ఆ చీటీని ఇరవై ఏళ్లు ఒక్క వాయిదా తప్పకుండా కట్టినా అది ఏ క్రెడిట్ బ్యూరోలోనూ, అంటే మన అప్పుల చెల్లింపుల చరిత్రను నమోదు చేసి స్కోరు ఇచ్చే సంస్థలో, నమోదు కాదు. మన దేశంలో ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, సి.ఆర్.ఐ.ఎఫ్. హై మార్క్ అనే నాలుగు సంస్థలు ఉన్నాయి. 300 నుంచి 900 వరకు ఉండే స్కోరును అవి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు పంపే వివరాల నుంచి మాత్రమే లెక్కగడతాయి. కాబట్టి ఇంతకాలం చీటీలతో, చేబదుళ్లతోనే సంసారం నడుపుకొచ్చిన నిజాయితీపరుడు హోమ్ లోన్ అడగడానికి వెళితే ఆయన రిపోర్టు ఖాళీగా కనిపిస్తుంది. చీటీకి అలవాటైన ఆ క్రమశిక్షణను బ్యాంకుల లెక్కలోకి ఎక్కించడమే మన పని.

ఇక తేదీలకు వద్దాం. మీ కార్డు స్టేట్‌మెంట్ తేదీ ప్రతి నెల 12 అనుకుందాం. జూన్ 13 నుంచి జూలై 12 వరకు మీరు చేసిన ఖర్చంతా జూలై 12న ఒక బిల్లుగా తయారవుతుంది. దానిని కట్టడానికి సుమారు 20 రోజుల గడువు ఇస్తారు కనుక డ్యూ డేట్ ఆగస్టు 1 అవుతుంది. జూన్ 13న గాంధీ రోడ్డులో మిక్సీ కొన్నవారికి డబ్బు కట్టడానికి 49 రోజుల వ్యవధి దొరుకుతుంది. అదే మిక్సీని జూలై 11న కొన్నవారు కూడా ఆగస్టు 1కే కట్టాలి, అంటే వారికి మిగిలేది 21 రోజులు. వస్తువు అదే, ధర అదే, కార్డు అదే అయినా కొన్న రోజును బట్టి వడ్డీలేని వ్యవధి సగానికంటే తక్కువైపోతుంది. అందుకే అనుభవం ఉన్నవారు పెద్ద ఖర్చును స్టేట్‌మెంట్ తేదీ దాటిన మరునాడు పెట్టుకుంటారు.

ఈ వ్యవధిని సొంత డబ్బుగా పొరబడకూడదు. తోతాపురి కాయను గుజ్జు ఫ్యాక్టరీకి తోలి డబ్బు ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూసే రైతుకు 49 రోజులు ఏ మూలకూ చాలవు. అలాంటి రాబడిని నమ్ముకొని కార్డు గీకవద్దు. ఖర్చు పెట్టే రోజున ఆ మొత్తం మీ సేవింగ్స్ ఖాతాలో ఉండాలి; గడువు వచ్చేదాకా అది అక్కడే ఉండాలి.

ఇప్పుడు ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైన లెక్క. బిల్లు మీద రెండు అంకెలు ఉంటాయి: టోటల్ అమౌంట్ డ్యూ, అంటే కట్టవలసిన పూర్తి మొత్తం; మినిమమ్ అమౌంట్ డ్యూ, అంటే తప్పనిసరిగా కట్టవలసిన కనీస మొత్తం. మినిమమ్ కడితే లేట్ ఫీజు పడదు, కానీ వడ్డీ పడుతుంది. ఇంతవరకు చాలామందికి తెలుసు. ఆ వడ్డీ ఏ రోజు నుంచి, ఎంత మొత్తం మీద పడుతుందో తెలిసినవారు తక్కువ. మీరు జూన్ 20న 20,000 రూపాయలతో ఒకే ఒక వస్తువు కొన్నారనుకోండి. జూలై 12న బిల్లు వచ్చింది. ఆగస్టు 1న మీరు 19,000 కట్టి, మిగిలిన వెయ్యి వచ్చే నెల చూసుకుందాంలే అనుకున్నారు. వెయ్యి రూపాయల మీద నెలకు మూడున్నర శాతం చొప్పున ముప్పై అయిదు రూపాయలు పోతే పోయిందని మీ అంచనా.

లెక్క అన్ని కార్డులలోనూ అలా సాగదు. కొన్నిటిలో అది ఇలా ఉంటుంది, మీ కార్డు నిబంధనలలో ఎలా ఉందో చూసుకోండి. బిల్లు పూర్తిగా కట్టకపోతే వడ్డీలేని వ్యవధి మొత్తానికే రద్దవుతుంది. వడ్డీ కొన్న రోజు నుంచి మొదలవుతుంది, మీరు కట్టిన రోజు వరకు పూర్తి 20,000 మీద నడుస్తుంది. నెలకు 3.5 శాతం అంటే ఏడాదికి 42 శాతం. జూన్ 20 నుంచి ఆగస్టు 1 వరకు 42 రోజులు. 20,000 మీద ఏడాది వడ్డీ 8,400. దానిని 365తో భాగించి 42తో గుణిస్తే సుమారు 967 రూపాయలు. ఆ తరువాత మిగిలిన వెయ్యి మీద ఆగస్టు 12 వరకు 11 రోజులకు మరో 13 రూపాయలు. మొత్తం 980 అయింది. దాని మీద 18 శాతం జీఎస్టీ 176. అంటే వెయ్యి రూపాయలు ఆపుకున్నందుకు 1,156 రూపాయలు వదిలాయి. పైగా ఆగస్టులో కొత్తగా కొన్న ప్రతి వస్తువుకూ వడ్డీలేని వ్యవధి ఉండదు. గీకిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. బాకీ పూర్తిగా తీరేవరకు ఇదే వరుస. ఈ లెక్కను కాగితం మీద మీ చేత్తో ఒకసారి వేసి చూడండి, చదివి వదిలేయకండి.

ఏటీఎంలో క్రెడిట్ కార్డుతో నగదు తీస్తే మొదటి రోజు నుంచే వడ్డీ, దానికి తోడు విడిగా ఫీజు. ఇంతకుమించి దాని గురించి చెప్పవలసింది లేదు, తీయవద్దు.

గడువు తేదీ విషయంలో ఒక చిన్న వెసులుబాటు ఉంది. 2022లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, గడువు దాటి మూడు రోజులకు మించితేనే బ్యాంకు లేట్ ఫీజు వేయాలి, బ్యూరోకు బాకీ పడినట్టు తెలపాలి. సర్వర్ మొరాయించిన రోజున ఇది ఆదుకుంటుంది. అయితే మూడు రోజులు దాటితే లెక్క గడువు తేదీ నుంచే మొదలవుతుంది కాబట్టి, దీనిని అదనపు గడువుగా భావించి ప్రతినెలా మూడో రోజు దాకా కాచుకొని కూర్చోవడం తెలివైన పని కాదు. సిబిల్ రిపోర్టులో గత 36 నెలల చెల్లింపులు నెలకొక గడి చొప్పున కనిపిస్తాయి. ఆలస్యం లేని నెలకు గడిలో సున్నాలు ఉంటాయి. ఆలస్యమైతే ఎన్ని రోజులో ఆ అంకె పడుతుంది. ఒకసారి పడిన అంకె మూడేళ్ల పాటు అప్పిచ్చేవాడి కంటికి కనబడుతూనే ఉంటుంది.

స్కోరుకు సంబంధించి స్టేట్‌మెంట్ తేదీకి మరో ప్రాధాన్యం ఉంది. మీ లిమిటులో, అంటే కార్డు మీద ఖర్చు చేయగల గరిష్ఠ మొత్తంలో, ఎంత శాతం వాడుకున్నారన్నది స్కోరు లెక్కలో ఒక అంశం. 30 శాతానికి లోపల ఉంచుకోవడం మంచిదని అనుభవజ్ఞులు చెబుతారు. అది చట్టం కాదు, మంచి అలవాటు. డిపాజిట్ మీద తీసుకున్న మొదటి కార్డుకు లిమిట్ 25,000 మాత్రమే ఉందనుకుంటే, పిల్లవాడి కాలేజీ ఫీజు 18,000 కట్టగానే వాడకం 72 శాతానికి చేరుతుంది. గడువులోగా పూర్తిగా కట్టినా, బిల్లులో 18,000 అచ్చయి ఉంటే బ్యూరోకు అదే అంకె చేరే అవకాశం ఎక్కువ. దీనికి మందు సులువు. బిల్లు రావడానికి రెండు మూడు రోజుల ముందే 13,000 కట్టేయండి. బిల్లు 5,000కే వస్తుంది, వాడకం 20 శాతంగా నమోదవుతుంది. 2025 జనవరి 1 నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకొకసారి వివరాలు పంపాలని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది కనుక, మీ జాగ్రత్త ఫలితం మునుపటికంటే త్వరగానే రిపోర్టులో కనబడుతుంది. పెద్ద లిమిట్ ఉన్నవారికి ఈ అవస్థ లేదు. చిన్న లిమిటుతో మొదలుపెట్టినవారికే ఇది నిజంగా పనికివచ్చే చిట్కా.

ఇక రెండవ కార్డు. మొదటి కార్డును కనీసం ఆరు నెలలు శుభ్రంగా నడిపిన తరువాతే దరఖాస్తు చేయండి. ప్రతి దరఖాస్తూ రిపోర్టులో ఒక ఎంక్వైరీగా మిగిలిపోతుంది. ఒకే నెలలో నాలుగు బ్యాంకుల తలుపు తట్టినవాడిని అయిదో బ్యాంకు అనుమానంగానే చూస్తుంది. రెండవ కార్డు స్టేట్‌మెంట్ తేదీ మొదటిదానికి సుమారు పదిహేను రోజుల ఎడంగా ఉంటే ఎంతో అనుకూలం. మొదటి కార్డుకు 12, రెండవదానికి 27 అనుకుందాం. నెలలో 13 నుంచి 27 వరకు మొదటి కార్డును, 28 నుంచి తరువాతి 12 వరకు రెండవ కార్డును వాడితే, ఏ రోజు ఏది కొన్నా మీకు ఇంచుమించు 35 నుంచి 49 రోజుల వ్యవధి దొరుకుతుంది. 21 రోజుల వ్యవధి అన్న మాటే ఉండదు. బ్యాంకు ఇచ్చిన తేదీ మీకు కుదరకపోతే బిల్లింగ్ సైకిల్‌ను కనీసం ఒకసారి మార్చుకునే హక్కు రిజర్వు బ్యాంకు ఆదేశాలు ఇచ్చాయి. ఉద్యోగులకు ఒక సలహా: జీతం ఒకటో తేదీన పడేవారు డ్యూ డేట్‌ను కూడా ఒకటో తేదీ మీద పెట్టుకోవద్దు. జీతం ఒక్కరోజు ఆలస్యమైతే ఆ భారం కార్డు మీద పడుతుంది. అయిదు నుంచి పది లోపు వచ్చేలా మార్పించుకోండి. రోజువారీ బేరం ఉండే అంగళ్లవారికి ఈ చింత లేదు.

రెండవది రూపే కార్డు అయితే నా లెక్కలో ఇంకా మేలు, ఎందుకంటే రూపే క్రెడిట్ కార్డును యూపీఐ యాప్‌కు జతచేసుకోవచ్చు. అలిపిరి దగ్గర టీ బంకులో, గోవిందరాజస్వామి గుడి వీధిలో పూలంగడిలో స్వైప్ మెషీన్ ఉండకపోవచ్చు, క్యూఆర్ కోడ్ మాత్రం ఉంటుంది. అయితే అది వ్యాపారి పేరు మీద తీసుకున్న కోడ్ అయితేనే క్రెడిట్ కార్డు పనిచేస్తుంది. అంగడి యజమాని తన సొంత ఖాతా కోడ్‌ను అట్టముక్కకు అంటించి వేలాడదీసి ఉంటే చెల్లింపు సాగదు. వ్యక్తి నుంచి వ్యక్తికి డబ్బు పంపడానికి ఈ కార్డులను అనుమతించరు. కాబట్టి జేబులో నాలుగు నోట్లు ఉంచుకోవడం మానకండి.

తిరుపతిలో కాపురం ఉన్నవారికి మరో ప్రత్యేకమైన చిక్కు ఉంది. దర్శనానికి వచ్చే బంధువులు గది బుక్ చేసిపెట్టమనో, వాహనం మాట్లాడమనో మన కార్డు మీదే ఆధారపడతారు. తరువాత గది రద్దయితే, లేదా డిపాజిట్ వెనక్కి వస్తే, ఆ సొమ్ము కార్డులోకే జమ అవుతుంది. గడువు తేదీకి ముందు వచ్చిన రీఫండ్‌ను బ్యాంకు బిల్లులో సర్దుబాటు చేసి మీకు తెలియజేయాలి. కానీ రీఫండ్ వస్తుందన్న నమ్మకంతో ముందే బిల్లు తగ్గించి కట్టకండి. సర్దుబాటు అయినట్టు మెసేజ్ వచ్చేవరకు పూర్తి మొత్తం కట్టవలసిందేనని అనుకోండి. ఎక్కువ కట్టినా నష్టం లేదు, వచ్చే బిల్లులో తగ్గుతుంది. తక్కువ కడితే ఏమవుతుందో పైన లెక్కవేసి చూశారు కదా.

ఇదే చోట రొటేషన్ సంగతి కూడా చెప్పాలి. కార్డు గీకితే కమీషన్ పట్టుకొని నగదు చేతిలో పెట్టేవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఒక కార్డు బాకీని మరో కార్డు నగదుతో తీర్చుకుంటూ, రెండు తేదీల మధ్య డబ్బు తిప్పడాన్ని కొందరు నేర్పుగా చెప్పుకుంటారు. ప్రతి తిప్పుకూ కమీషన్ పోతుంది, బాకీ మాత్రం తరగదు. సరుకు కొనకుండా నగదు తీసుకోవడం బ్యాంకు నిబంధనలకు విరుద్ధం. పసిగడితే కార్డును ఆపేస్తారు. ఈ పాఠాలలో నేర్పే తేదీల లెక్క దానికోసం కాదు.

ఆటో డెబిట్, అంటే గడువుకు బిల్లు సొమ్ము ఖాతా నుంచి దానంతటదే పోయే ఏర్పాటు, పెట్టుకునేవారు దరఖాస్తులో మినిమమ్ కాక టోటల్ అన్న గడిని ఎంచుకున్నారో లేదో మరోసారి చూసుకోవాలి. బ్యాంకు యాప్‌లలో కొన్నిచోట్ల మినిమమ్ ముందే టిక్ చేసి ఉంటుంది. ఆటో డెబిట్ ఉన్నా గడువుకు రెండు రోజుల ముందు ఖాతాలో నిల్వ చూసుకోండి.

అభ్యాసం. మొదటి ప్రశ్న: స్టేట్‌మెంట్ తేదీ 5, గడువు 25 ఉన్న కార్డుతో సెప్టెంబరు 4న కొంటే ఎన్ని రోజుల వ్యవధి, సెప్టెంబరు 6న కొంటే ఎన్ని రోజులు? జవాబు 21, 49. రెండవ ప్రశ్న: లిమిట్ 40,000, ఇప్పటివరకు ఖర్చు 26,000, బిల్లులో వాడకం 30 శాతం దాటకుండా ఉండాలంటే ముందుగా ఎంత కట్టాలి? జవాబు 14,000. మూడవది మీ సొంత పని. నోటుపుస్తకంలో ఒక పేజీకి కార్డు పేరు, చివరి నాలుగు అంకెలు, లిమిట్, స్టేట్‌మెంట్ తేదీ, గడువు తేదీ, ఏడాది ఫీజు పడే నెల అని నిలువు గళ్లు గీసి నింపండి. పూర్తి కార్డు నంబరు, పిన్, వెనుక ఉన్న మూడంకెల సీవీవీ ఎక్కడా రాయవద్దు. కార్డు ఒకటే ఉన్నా పేజీ తెరవండి.

నాలుగవ పాఠంలో క్రెడిట్ రిపోర్టును వరుసవారీగా చదువుతాం. 2017 నుంచి ప్రతి బ్యూరో ఏడాదికొకసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి. అందువల్ల నాలుగింటినీ ఒకేసారి తీసుకోకుండా, మూడు నెలలకొకటి చొప్పున తీసుకుంటే ఏడాది పొడవునా గమనించుకోవచ్చు. ఈ త్రైమాసికానికి ఏదో ఒక బ్యూరో అధికారిక వెబ్‌సైట్ నుంచి మీ రిపోర్టు డౌన్‌లోడ్ చేసి, అందులో మీ కార్డుకు ఎదురుగా ఉన్న బాకీ అంకె ఏ తేదీ నాటిదో గుర్తించి, దానిని మీ నోటుపుస్తకంలోని స్టేట్‌మెంట్ తేదీ పక్కన రాసి ఉంచుకోండి.