వాలీబాల్ సర్వీస్: జబ్బ ఎక్కడ దెబ్బతింటుంది, ఎలా కాపాడుకోవాలి

సంక్రాంతికి శ్రీకాకుళం పల్లెల్లో కోతకోసిన మడిలోనే కర్రలు పాతి నెట్ కట్టేస్తారు. ఏడాదంతా బంతి ముట్టని కుర్రాళ్లు మూడు రోజులపాటు ఎడాపెడా సర్వీసులు కొడతారు. కనుమ దాటేసరికి జబ్బ పైకి లేవదు. తప్పు చాలాసార్లు జబ్బది కాదు, పని ఎగ్గొట్టిన కాళ్లదీ నడుముదీ.

బంతి బరువు 260 నుంచి 280 గ్రాములే. దాన్ని వెనక గీత దగ్గర్నుంచి 2.43 మీటర్ల నెట్ దాటించడానికి ఒట్టి చేయి చాలుతుంది. చిక్కంతా అక్కడే ఉంది.

కుడిచేతివాటం వాళ్ల కోసం చెబుతున్నాం, ఎడమవాళ్లు తిరగేసి చదువుకోండి. ఎడమ పాదం ముందు, కుడి పాదం మూరెడు వెనక, బరువు వెనక కాలి మీద. బంతిని ఎడమచేత్తో తలకు రెండు జానలు పైకి, కుడి భుజానికి ఎదురుగా ఎగరేయాలి. ఎత్తు కాస్త అటూఇటూ అయినా పర్లేదు, చోటు మాత్రం తప్పకూడదు. ఎగరేసి, కొట్టకుండా వదిలేసి చూడండి. ఎడమ పాదానికి కొంచెం ముందు, కుడి భుజం వరసలో నేల మీద పడాలి. పదింట ఎనిమిదిసార్లు అక్కడ పడేదాకా గట్టిగా కొట్టొద్దు. బంతి తల వెనక్కి పోతే నడుము విల్లులా వంగుతుంది. ఎదిగే పిల్లలకు రోజూ అదే వంపు పడితే నడుము కింది పూసలో సన్నని బీట రావచ్చు. బంతి ఎడమకి పోతే ఒళ్లు పక్కకి వాలి, చేయి చెవిని రాసుకుంటూ లేస్తుంది, భుజం కీలు లోపల టెండన్ (కండరాన్ని ఎముకకి కట్టే పట్టీ) నలుగుతుంది.

కొట్టేటప్పుడు ఎడమ పాదం నేలని గట్టిగా తన్ని ఆగాలి. ఆ ఆగడంతో తుంటి తిరుగుతుంది, తర్వాత ఛాతీ, తర్వాత మోచేయి, ఆఖరికి అరచేయి. తుంటి తిరిగే క్షణానికి చేయి ఇంకా వెనకే ఉండాలి. మోచేయి భుజం ఎత్తు కంటే కిందికి జారకూడదు.

అసలు భారం బంతి తగిలిన తర్వాత మొదలవుతుంది. అంత వేగంగా వచ్చిన చేతికి బ్రేకు వేయాల్సింది భుజం వెనక కండరాలు. ఫ్లోటర్ (బంతి తిరగకుండా గాల్లో ఊగుతూ పోయే సర్వీస్) కొట్టేవాళ్లు మణికట్టు బిగించి, బంతి తగలగానే చేయి ఆపేస్తారు, అందుకే వాళ్లకి ఆ లాగుడు ఎక్కువ. ఏళ్ల తరబడి అలా లాగితే ఇన్‌ఫ్రాస్పైనేటస్ అనే కండరానికి వెళ్లే నరం దెబ్బతిని, కండరం కరిగిపోవచ్చు. దొంగరోగం ఇది, చాలామందికి నొప్పి ఉండదు.

పట్టుకోవడం సులువే. చొక్కా విప్పి, వెలుతురు పక్కనుంచి పడేలా కూర్చుని, వెనకనుంచి ఎవరినైనా చూడమనండి. వీపు మీది రెక్క ఎముకకి అడ్డంగా ఒక గట్టులాంటిది తగులుతుంది. దాని కింద కుడివైపు మాత్రమే గుంట పడిందా? తర్వాత మోచేతిని పక్కకి ఆనించి 90 డిగ్రీలు మడిచి, ముంజేతిని బయటికి తోస్తుండగా ఆ మనిషి లోపలికి నెట్టాలి. కుడిచేయి ఎడమదాని కంటే ముందే లొంగిపోతే ఎముకల డాక్టరుకి చూపించండి. మాలీషుతో తగ్గేది కాదు.

నివారణకి పాత సైకిల్ ట్యూబు చాలు. నెట్ కర్రకి మోచేతి ఎత్తున కట్టి, మోచేయి పక్కకి ఆనించి బయటికి లాగండి. వెనక్కి వదిలేటప్పుడు నాలుగు అంకెలు లెక్కపెట్టాలి, ఎందుకంటే బ్రేకు బలం పెరిగేది ఆ నెమ్మదిలోనే. 15 సార్ల చొప్పున మూడు విడతలు, వారానికి మూడు రోజులు. పండగకి ఆరు వారాల ముందే మొదలుపెట్టాలి, భోగి రోజున కాదు.

ఆడే రోజు అయిదు నిమిషాలు పరుగు, తర్వాత 3 మీటర్ల గీత నుంచి మెల్లగా పది, కోర్టు మధ్య నుంచి పది, ఆ తర్వాతే వెనక గీత. జంప్ సర్వీస్ అయితే రెండు కాళ్ల మీదా, మోకాళ్లు వంచి దిగండి. ఎండిన మడి బండరాయితో సమానం, ఒంటికాలి మీద దిగితే మోకాలి చిప్ప కింద నొప్పి ఖాయం. కళింగపట్నం ఇసకలో దిగడం హాయిగానే ఉంటుంది కానీ, ముందు పాదం కూరుకుపోయి తుంటికి ఆసరా దొరకదు, ఆ లోటు చేయి పూడ్చాలి. అక్కడ బలం తగ్గించి కొట్టండి.

రాత్రి ఆ జబ్బ మీద పడుకుంటే నొప్పి లేస్తోందంటే మర్నాడు సర్వీస్ వేరేవాళ్లకి ఇవ్వండి. మంచులో తడిసిన తోలుబంతి బరువెక్కుతుంది, ప్రతి పాయింటుకీ తువ్వాలుతో తుడవండి.