టి సెల్ రిసెప్టర్ జతలు దొరకడం లేదా? నాకు పనిచేసిన పద్ధతి

సింగిల్ సెల్ సీక్వెన్సింగ్‌లో (ఒక్కో కణంలోని ఆర్ఎన్ఏను విడివిడిగా చదివే పద్ధతి) రోగనిరోధక టి కణాలు బాగానే కనిపిస్తాయి. కానీ వాటి రిసెప్టర్‌లో (శత్రువును గుర్తుపట్టే ప్రోటీన్) జతగా ఉండే ఆల్ఫా, బీటా గొలుసులు రెండూ దొరికిన కణాలు మాత్రం చాలా తక్కువ. విశాఖలో ఈ పని మొదలుపెట్టినవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే.

రీడ్లు (యంత్రం చదివే ముక్కలు) పెంచడం, పీసీఆర్ (డీఎన్ఏ నకళ్లు తీసే చర్య) సైకిళ్లు మార్చడం, సాఫ్ట్‌వేర్ సెట్టింగులు సడలించడం, ఏదీ అక్కరకు రాలేదు.

తేడా వచ్చింది గడ్డకట్టించిన రక్తకణాలను కరిగించే దగ్గర. వయల్‌ను (కణాలున్న చిన్న సీసా) 37 డిగ్రీల నీళ్లలో పెట్టి, బఠాణీ గింజంత మంచు మిగలగానే బయటకు తీశాను. సీరం కలిపిన వెచ్చని మీడియంను, ట్యూబు మెల్లగా కదుపుతూ, చుక్క చుక్కగా పోశాను. ఇక్కడ తొందర అస్సలు వద్దు. డీఎంఎస్ఓ (గడ్డకట్టించేటప్పుడు కణాలను కాపాడే ద్రవం) పట్టిన కణాల్లోకి నీరు ఒక్కసారిగా చేరితే ఉబ్బి పగిలిపోతాయి. తర్వాత 300 జి (భూమ్యాకర్షణకు 300 రెట్లు) వద్ద సెంట్రిఫ్యూజ్ చేసి, చనిపోయిన కణాలను అయస్కాంత పూసలతో తీసేశాను. 0.04 శాతం బీఎస్ఏ (ఒక ప్రోటీన్) ఉన్న పీబీఎస్‌తో (కణాలకు సరిపడే ఉప్పు ద్రావణం) కడిగి, 40 మైక్రాన్ల ఫిల్టర్‌లో వడకట్టాను. ట్రిపాన్ బ్లూ (చనిపోయిన కణాలకు పట్టే రంగు) వేసి చూస్తే నీలం కణాలు అక్కడొకటి, ఇక్కడొకటి. అప్పుడే కణాలను విడివిడిగా చేసే చిప్‌లోకి ఎక్కించాను. ఈసారి చాలా టి కణాల్లో జతలు వచ్చాయి!

రిసెప్టర్ ఆర్ఎన్ఏ ఒక్కో కణంలో ఉండేదే కొంచెం, నీరసించిన కణం అదీ పోగొట్టుకుంటుందని నా అంచనా. మన ఎండలకు వయల్స్‌ను డ్రై ఐస్ లేకుండా కదపకండి.

ఇది రక్తకణాల సంగతి; కణితి ముక్కలకు ఇంతే పనిచేస్తుందని చెప్పలేను. మామూలు 3 ప్రైమ్ కిట్ (ఆర్ఎన్ఏ 3 ప్రైమ్ కొస వైపు చదివేది) వాడుతుంటే మాత్రం సమస్య వేరు: రిసెప్టర్‌లో మారే భాగం ఆర్ఎన్ఏ 5 ప్రైమ్ కొసకు దగ్గరగా ఉంటుంది, ఆ రీడ్లు అంతదూరం చేరవు.