వంటింటికి చిమ్నీ ఎలా ఎంచుకోవాలి? ముందు పొగ వెళ్లే దారి చూడండి

ఆవనూనె బాణలిలో పోసి, పచ్చివాసన పోయి సన్నగా పొగ లేచేదాకా కాచి, ఆ తర్వాతే పోపు వేయాలి. మా దక్షిణ ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, ఎక్కడ చూసినా తెలుగిళ్లలోకి కూడా ఈ అలవాటు వచ్చేసింది. ఆవనూనె పొగలు కక్కేది సుమారు 250 డిగ్రీల దగ్గర. అంత వేడి నూనెలో ఎండుమిర్చి పడిందంటే వంటింట్లో వాళ్లే కాదు, హాల్లో కూర్చున్న పెద్దవాళ్లు కూడా దగ్గుతూ లేస్తారు. ఎండు చేపలు వేయించిన రోజైతే ఆ వాసన మర్నాటి దాకా కర్టెన్లలో ఉంటుంది.

ఇది జిడ్డు, వాసనల సమస్యే అనుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం, బాగా కాగిన నూనెలో వేపుళ్లు చేసేటప్పుడు వచ్చే పొగను మనిషికి బహుశా క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో పెట్టింది. రోజూ రెండు పూటలా పొయ్యి ముందు నిలబడేది మన అమ్మలూ భార్యలూ కాబట్టి, చిమ్నీని ఇంటి అందం లెక్కలో కాకుండా అవసరం లెక్కలోనే చూడాలి.

చాలామంది చిమ్నీ వేట షాపులో మొదలుపెడతారు. నల్లగా మెరిసే గాజు, చెయ్యి ఊపితే వెలిగే లైటు చూసి మురిసిపోయి కొనేస్తారు. తీరా బిగించడానికి మనిషి వచ్చాక పైపు ఎటు తీయాలో తెలియక తల పట్టుకుంటారు. కాబట్టి మన పని వంటింటి గోడ దగ్గర మొదలుపెడదాం.

1. మీకు చిమ్నీయే కావాలా?

వంటిల్లు పెరట్లోకి తెరుచుకుని, ఎదురెదురుగా కిటికీ, తలుపు ఉండి, వేపుళ్లు అరుదుగా చేసేవాళ్లకు మంచి ఎగ్జాస్ట్ ఫ్యాన్ చాలు. పొయ్యికి దగ్గరగా, వీలైనంత ఎత్తులో పెట్టించుకోండి. చిమ్నీ ఖర్చులో నాలుగో వంతు కూడా కాదు.

కట్టెల పొయ్యి మీద మాత్రం చిమ్నీ పెట్టకండి. కొన్ని ఇళ్లలో నీళ్లు కాచడానికో, పండగకి అరిసెలు వండడానికో కట్టెల పొయ్యి ఇంకా వాడుతున్నారు. దాని నిప్పురవ్వలు పైకి ఎగిరి జిడ్డు పట్టిన ఫిల్టరుకి తగిలితే అంటుకుంటుంది. ఆ పొయ్యిని పెరట్లోనే ఉంచండి.

2. పొగ బయటికి వెళ్లే దారి ఖాయం చేసుకోండి

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇదే, కాస్త ఓపిగ్గా చదవండి.

చిమ్నీలో మోటారు ఎంత బలమైనదైనా, దాని వెనక పైపు సరిగా లేకపోతే పొగ వంటింట్లోనే తిరుగుతుంది. పైపు పొట్టిగా ఉండాలి, తిన్నగా ఉండాలి, వెడల్పుగా ఉండాలి. ప్రతి వంపు దగ్గరా గాలి వేగం పడిపోతుంది. ఒక వంపు తప్పదు, రెండోది ఫరవాలేదు, మూడోది అవసరమైతే పొయ్యి చోటు మార్చగలరేమో చూడండి. ఆరంగుళాల పైపు అడిగే చిమ్నీకి, గోడ కన్నం చిన్నదైందని నాలుగంగుళాల పైపు తగిలించే మేస్త్రీలు ఉన్నారు. ఒప్పుకోకండి. నాలుగంగుళాల పైపు లోపలి వైశాల్యం ఆరంగుళాల దాంట్లో సగం కూడా ఉండదు. మోటారు అరుస్తుంది, పొగ మాత్రం కదలదు.

ఇక మన ఇళ్ల సంగతి. గంజాం జిల్లా పాత ఊళ్లలో, బరంపురం పాత వీధుల్లో ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని పొడవుగా ఉంటాయి. రెండు పక్కలా ఉమ్మడి గోడలే, గాలి వచ్చేది వీధి వైపు నుంచి, పెరటి వైపు నుంచి మాత్రమే. వంటిల్లు చివర్లో ఉంటే అదృష్టం, పెరటి గోడకి కన్నం పెడితే సరిపోతుంది. మధ్యలో ఉంటే రెండు దారులు. ఒకటి, అటక కింద నుంచి పెరటి దాకా పొడుగు పైపు లాగడం. పదడుగులు దాటితే నేను దీన్ని మెచ్చను, లోపల జిడ్డు పేరుకుంటే శుభ్రం చేసే దారి ఉండదు. రెండోది, శ్లాబుకి కన్నం పెట్టి నేరుగా పైకి తీయడం. వేడి పొగ ఎలాగూ పైకే పోతుంది కాబట్టి ఇదే నయం. అయితే సుత్తీ ఉలీతో పగలగొట్టించకండి. గుండ్రంగా కోసే కోర్ కటింగ్ మిషన్ తెప్పించి, ఊచలు ఎక్కడున్నాయో చూసి కోయించండి. కన్నం చుట్టూ వాటర్‌ప్రూఫింగ్ చేయించకపోతే మొదటి వానకే స్టవ్ మీద నీళ్లు కారతాయి.

పక్కింటివాళ్లని కూడా లెక్కలోకి తీసుకోండి. సందులోకి తీసిన పైపు ఎదుటివాళ్ల పడగ్గది కిటికీకి ఎదురుగా ఉంటే, మీ ఎండు చేపల వాసన రోజూ వాళ్లింట్లోకే. మా వీధిలో ఇలాంటి గొడవ పెద్దమనుషుల దాకా వెళ్లింది. గోడకి కన్నం పెట్టే ముందు ఒక మాట అడిగితే పోయేదేమీ లేదు.

పైపు బయటి మూతి గురించి షాపువాళ్లు ఎవరూ చెప్పరు. మనది తుపాన్ల తీరం. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను వానతో ముంచెత్తింది. అలాంటి గాలికి అడ్డంగా, బార్లా తెరిచిన పైపు ఉంటే వాన నీళ్లు నేరుగా మోటారులోకి వస్తాయి. అందుకే మూడు జాగ్రత్తలు చెప్పి చేయించండి. పైపు గోడలోంచి వెళ్లేటప్పుడు బయటి వైపుకి కాస్త వాలుగా ఉండాలి. మూతికి కిందికి తిరిగిన టోపీ బిగించాలి. బయటి గాలి ఎదురుకొట్టకుండా లోపల మూసుకునే రెక్క ఉండాలి. గోపాల్‌పూర్, ఛత్రపూర్ వైపు ఇళ్లకైతే ఉప్పుగాలికి ఇనప రేకు టోపీ తుప్పు పట్టిపోతుంది, స్టెయిన్‌లెస్ స్టీలుదో, ప్లాస్టిక్‌దో అడగండి. పిట్టలు గూడు పెట్టకుండా జల్లెడ వేస్తే కన్నాలు పెద్దవిగా ఉండాలి. సన్న జల్లెడ అయితే జిడ్డుతో పూడుకుపోతుంది.

అద్దె ఇల్లయినా, కంపెనీ క్వార్టరయినా గోడ కొట్టడానికి అనుమతి దొరకకపోవచ్చు. అప్పుడు వంటింటి కిటికీలో ఒక గాజు పలక తీసి, దాని చోటులో ఆరంగుళాల కన్నమున్న రేకు బిగించి అందులోంచి పైపు తీయండి. ఖాళీ చేసేటప్పుడు గాజు మళ్లీ పెట్టేయొచ్చు. పైపు లేకుండా బొగ్గు ఫిల్టరుతో పనిచేసే చిమ్నీలు కూడా ఉన్నాయి. అవి జిడ్డునూ వాసననూ కొంత పట్టుకుని, అదే గాలిని మళ్లీ వంటింట్లోకి వదులుతాయి. వేడీ ఆవిరీ ఎక్కడికీ పోవు. బొగ్గు ఫిల్టరు కడిగితే పనికిరాదు, కొన్ని నెలలకోసారి కొత్తది కొనాలి. మన వంటకి ఇది గత్యంతరం లేనప్పుడే.

3. కొలతలు తీసుకోండి

స్టవ్ ఎంత వెడల్పో చిమ్నీ కనీసం అంత వెడల్పు. రెండు మూడు బర్నర్లకు 60 సెంటీమీటర్లది, నాలుగైదు బర్నర్లకు 75 లేదా 90 సెంటీమీటర్లది. మధ్యలో ఉంటే పెద్దదే తీసుకోండి.

స్టవ్ పైనుంచి చిమ్నీ అడుగు దాకా సాధారణంగా 65 నుంచి 75 సెంటీమీటర్లు ఉండాలి. మీరు కొన్న మోడల్ పుస్తకంలో ఎంత రాసుందో అదే పాటించండి. మరీ కిందికి పెడితే మంట వేడి ఫిల్టరులోని జిడ్డుకి తగులుతుంది, వంచిన తల కూడా కొట్టుకుంటుంది. మరీ పైకి పెడితే పొగ పక్కలకి జారిపోతుంది. వంట చేసే మనిషిని అక్కడ నిలబెట్టి, గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి చూసుకోండి. పైనున్న అటక, అలమరా తలుపులు అడ్డం వస్తాయేమో అప్పుడే తెలిసిపోతుంది.

4. లాగే శక్తి అంకెలకి మోసపోకండి

పెట్టె మీద గంటకి 1,200 ఘనపు మీటర్లు, 1,500 ఘనపు మీటర్లు అని రాసుంటుంది. దీని అర్థం గంటలో అంత గాలి లాగుతుందని. పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తున్న వంటిల్లు సుమారు 23 ఘనపు మీటర్లు. ఆ గాలి గంటకి 15 సార్లు మారినా 345 దగ్గరే లెక్క తేలుతుంది. మరి 1,200 ఎందుకు? పైపూ వంపులూ తగిలాక పెట్టె మీది అంకె బాగా తగ్గిపోతుంది. పైగా పోపు పొగ ఒక్కసారిగా, వేగంగా లేస్తుంది, అది పక్కలకి చెదరకముందే పట్టుకోవాలి.

నా సలహా: పైపు పొట్టిగా, ఒక్క వంపుతో ఉంటే 1,000 దగ్గరది చాలు. ఆవనూనె వేపుళ్లు రోజూ ఉండి, పైపు కాస్త పొడుగైతే 1,200. అంతకు మించిన దానికి డబ్బు పోసేకంటే ఆ డబ్బుతో పైపు దారి సరిచేయించండి.

శబ్దం కూడా అడగండి. మామూలుగా మాట్లాడుకునే మాటలే సుమారు 60 డెసిబెళ్లు ఉంటాయి. చిమ్నీ దానికి మించిందంటే పక్కనున్నవాళ్లని గట్టిగా పిలవాల్సి వస్తుంది, నాలుగు రోజులకి విసుగొచ్చి ఆపేస్తారు. షాపులో పెద్ద స్పీడులో పెట్టించి వినండి.

5. ఫిల్టరు

అల్యూమినియం జాలి ఫిల్టరు చవక, కానీ మన నూనెకి త్వరగా మూసుకుపోతుంది. బాఫిల్ ఫిల్టరంటే వంచిన స్టీలు పట్టీలు. పొగ వాటి మధ్య మలుపులు తిరిగేటప్పుడు నూనె తుంపర్లు స్టీలుకి తగిలి కిందికి జారతాయి. ఫిల్టరు లేనివాటిలో ఫ్యానే నూనెని విసిరి గిన్నెలోకి చేరుస్తుంది. చివరి రెండింట్లో ఏదైనా మనకి సరిపోతుంది. నేనైతే బాఫిల్‌కే ఓటు వేస్తాను, తీసి కడగడం ఎవరికైనా వస్తుంది.

ఆటో క్లీన్ అని గొప్పగా చెప్తారు. బటన్ నొక్కితే లోపల హీటరు వేడెక్కి, ఫ్యాన్ చుట్టూ పట్టిన జిడ్డు కరిగి గిన్నెలోకి కారుతుంది. పనికొచ్చేదే. కానీ అది ఫిల్టరునూ, పైపునూ, బయటి ఒంటినీ కడగదు. కిందున్న గిన్నె మీరు తీసి పారబోయకపోతే ముదురు గోధుమరంగు నూనె పొంగి స్టవ్ మీదికి బొట్లు బొట్లుగా పడుతుంది.

6. కరెంటు

చిమ్నీ పెట్టే చోట ఎర్తింగ్ ఉన్న త్రీ పిన్ సాకెట్ ఉండాలి. అది స్టవ్ వేడి తగలని పక్కన ఉండాలి. పాత ఇళ్లలో ఎర్తింగ్ పేరుకే ఉంటుంది, ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించండి. స్టీలు ఒళ్లు, తడి చేతులు, ఎర్తింగ్ లేని ప్లగ్ కలిస్తే ప్రమాదం. వోల్టేజ్ తగ్గే ఊళ్లలో సాయంత్రం మోటారు నెమ్మదిస్తుంది, అది చిమ్నీ లోపం కాదు. ఇన్వర్టర్ మీద మామూలుగా నడపొచ్చేమో మీ ఇన్వర్టర్ సామర్థ్యం చూసి తేల్చుకోండి. ఆటో క్లీన్ మాత్రం ఇన్వర్టర్ మీద పెట్టకండి, హీటరు కరెంటు ఎక్కువ లాగుతుంది.

7. షాపులో అడగాల్సినవి

రాయగడ, పర్లాకిమిడి వైపు వాళ్లం పెద్ద సామాను కొనాలంటే విశాఖపట్నం వెళ్తాం. అక్కడ కొన్న చిమ్నీ ఒడిశాలో బిగించాలి కదా. బిల్లు కట్టే ముందే మీ పిన్‌కోడ్ చెప్పి, ఆ ఊరికి మనిషిని పంపుతారా, బిగింపు ఉచితమా, రిపేరుకి ఏ ఊరి నుంచి వస్తారు అని అడిగి, బిల్లు మీద రాయించుకోండి. బరంపురంలో సర్వీసు ఉందంటే గుణుపురానికి వస్తారని అనుకోవద్దు. దూరం ఊరివాళ్లకి పేరున్న కొత్త మోడల్ కంటే, స్థానికంగా మనిషి దొరికే సాదా మోడల్ మేలు.

మోటారుకి ఎన్నేళ్లు, మొత్తం చిమ్నీకి ఎన్నేళ్లు అని వారంటీ విడివిడిగా అడగండి. పెద్ద అక్షరాల్లో కనిపించేది చాలాసార్లు మోటారుకి మాత్రమే. పైపు, టోపీ, బిగింపు సామాను విడిగా కొనాలా అన్నది కూడా. చెయ్యి ఊపితే పనిచేసే బటన్లు జిడ్డు పట్టాక మొరాయిస్తాయి. మామూలు నొక్కుడు బటన్లయితే ఊళ్లో ఎలక్ట్రీషియన్ కూడా మార్చగలడు.

8. బిగించిన రోజు, ఆ తర్వాత

మనిషి కాగితం మీద సంతకం అడిగే ముందు చిమ్నీ పెద్ద స్పీడులో పెట్టి, ఒక పల్చని కాగితం ఫిల్టరు కింద పట్టండి. అతుక్కుని నిలబడాలి. తర్వాత బయటికి వెళ్లి పైపు మూతి దగ్గర చెయ్యి పెట్టండి, గాలి ముఖాన కొట్టినట్టు రావాలి. లోపల కాగితం అతుక్కుని బయట గాలి తక్కువగా ఉంటే పైపు ఎక్కడో నలిగిందనో, అతుకు వదులుగా ఉందనో అర్థం. అల్యూమినియం మడతల పైపు వాడితే పూర్తిగా సాగదీసి బిగించారేమో చూడండి. మడతలు ఎక్కువుంటే జిడ్డు నిలుస్తుంది. ఆ మనిషి ఉండగానే నూనె కాచి పోపు వేసి చూస్తే ఇంకా మంచిది.

రోజూ స్టవ్ వెలిగించేటప్పుడే చిమ్నీ వేయండి, పొగ వచ్చాక వేస్తే సగం అప్పటికే ఇల్లంతా పాకేస్తుంది. వంట అయ్యాక పది నిమిషాలు నడవనివ్వండి. తలుపో కిటికీయో కాస్త తీసి ఉంచండి, లోపలికి గాలి రాకపోతే బయటికి పోయేదీ ఉండదు. అయితే ఆ కిటికీ స్టవ్ పక్కనే ఉంటే పొగ చెదిరిపోతుంది, ఎదురు వైపుది తీయండి.

బాఫిల్ ఫిల్టర్లు రెండు వారాలకోసారి తీసి, మరిగే నీళ్లలో వంటసోడా, గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి అరగంట నానబెట్టండి. జాలి ఫిల్టరైతే సోడా వద్దు, అల్యూమినియం నల్లబడుతుంది. లిక్విడ్ ఒక్కటే వాడండి. కడిగాక నీడన పూర్తిగా ఆరబెట్టి, అప్పుడే తగిలించండి. కార్తీకంలో నీచు మానేసేవాళ్లకి ఆ నెల ఫిల్టరు కాస్త ఆలస్యంగా కడిగినా ఫరవాలేదు. సంక్రాంతి పిండివంటల తర్వాత మాత్రం మర్నాడే కడగాలి.