స్పానిష్‌లో ‘ఫ్వీ’ అంటే ‘వెళ్ళాను’ ఒక్కటేనా?

‘వెళ్ళు’ అనే అర్థమిచ్చే ‘ఇర్’కూ, ‘అగు’ అనే అర్థమిచ్చే ‘సేర్’కూ ఏ పోలికా లేదు. అయినా, జరిగి ముగిసిన సంగతిని చెప్పే భూతకాలంలో ఈ రెండు క్రియలకూ ఒకే రూపాలున్నాయి. నేను అయితే ఫ్వీ, నువ్వు అయితే ఫ్విస్తే, అతడైనా ఆమె అయినా ఫ్వే, మేమైతే ఫ్విమోస్, వాళ్ళయితే ఫ్వేరోన్. స్పెయిన్‌లో చనువున్న కొందరిని కలిపి పలకరించేటప్పుడు ఫ్విస్తేయిస్ అంటారు. లాటిన్ అమెరికాలో అలాంటప్పుడు కూడా ఫ్వేరోనే. ఇవి లాటిన్‌లో ‘ఉండు’ క్రియకు చెందిన రూపాలు. ‘సేర్’కు వారసత్వంగా వచ్చిన వీటినే ‘ఇర్’ కూడా తీసుకుంది.

మనవాళ్ళు తడబడే చోటు ఒకటుంది. గౌరవంగా ఒక్కరిని ‘మీరు’ అన్నప్పుడు తెలుగులో క్రియ బహువచనంలో ఉంటుంది కనుక నోటికి ‘ఫ్వేరోన్’ వస్తుంది. కానీ స్పానిష్ ‘ఉస్తేద్’కు ఏకవచనమైన ‘ఫ్వే’ వాడాలి.

అర్థం తేల్చుకోవడానికి క్రియ తరువాతి మాటను చూడాలి. ‘ఫ్వీ ఆ లీమా, ఇ ఎల్ బియాహే ఫ్వే లార్గో’ అనే వాక్యంలో మొదటి క్రియ వెంట మన ‘కి’ ప్రత్యయం లాంటి ‘ఆ’ ఉంది కనుక అది ‘లీమాకి వెళ్ళాను’. రెండవ దాని వెంట ‘సుదీర్ఘం’ అనే విశేషణం ఉంది కనుక అది ‘ప్రయాణం సుదీర్ఘంగా సాగింది’. ‘లా బోదా ఫ్వే ఎన్ లీమా’లో ‘లో’ అనే అర్థమున్న ‘ఎన్’ ఉంది కాబట్టి, పెళ్ళి లీమాలో జరిగిందని అర్థం.

ఈ పాఠాన్ని ఇంగ్లీషు మీదుగా కాక నేరుగా తెలుగు నుంచే నేర్చుకోవడం మేలని నా గట్టి నమ్మకం. ‘వెంట్’ అనే ఒక్క మాట నిన్న వెళ్ళినదానికీ, చిన్నప్పుడు రోజూ వెళ్ళినదానికీ సరిపోతుంది. తెలుగులో అవి వేరు. ‘అయేర్ ఫ్వీ అల్ మెర్కాదో’ అంటే నిన్న సంతకు వెళ్ళాను. ‘దె నీన్యా ఈబా అల్ మెర్కాదో’ అంటే చిన్నప్పుడు సంతకు వెళ్ళేదాన్ని. ‘వెళ్ళేదాన్ని, వెళ్ళేవాణ్ణి’ అని నోటికి వచ్చిన చోట ‘ఫ్వీ’ కాదు, ‘ఈబా’ రావాలి.

పాత ముద్రణలలో ఫ్వీ, ఫ్వే రూపాలపై స్వరచిహ్నం, అంటే అచ్చు అక్షరం మీద గీసే చిన్న ఏటవాలు గీత, కనిపిస్తుంది. స్పానిష్ అకాడమీ నియమాల ప్రకారం 1959 నుంచి దానిని రాయకూడదు.

ఇక ముందు ‘మె’ చేర్చి ‘మె ఫ్వీ’ అంటే, వెళ్ళాను కాదు, వెళ్ళిపోయాను.