దారాన్ని లాగొద్దు, రానివ్వండి

1996లో, ఖద్దరుకు పేరున్న శ్రీకాకుళం జిల్లా పొందూరుకి కోడలిగా వచ్చిన కొత్తలో రాట్నం ముందు కూర్చుంటే నాకు ఏడుపొచ్చేది. ఏకు, అంటే వడకడానికి చుట్టిన దూది, పట్టుకుని చక్రం తిప్పగానే జానెడు దారం వచ్చేది, తెగేది. మళ్ళీ జానెడు, మళ్ళీ తెగేది. పక్కనే మా అత్త వడుకుతుండేది. ఆవిడ ఎడమచెయ్యి మెల్లగా భుజం దాకా వెనక్కి వెళ్ళేది, దాని వెంట వెంట్రుకంత సన్నని నూలు వచ్చేది. నాలుగో రోజున నా చెయ్యి పట్టుకుని అంది: “ఏటే అలాగ గుంజేత్తావు? నువ్వు లాగకు. అదే వత్తాది. నువ్వు సెయ్యి ఎనక్కి తీసుకో, అంతే.”

ఆ మాట నా చేతికి అర్థమవడానికి ఎనిమిది నెలలు పట్టింది. దానికి చైనావాళ్ళు ఎప్పుడో పేరు పెట్టారని తెలియడానికి ఇరవై ఏళ్ళు పైనే పట్టింది. విశాఖలో చదువుకునే మా అమ్మాయి సెలవులకి వస్తూ ‘దావ్ దె జింగ్’ అనే పాత చైనా పుస్తకం తెచ్చింది. 81 చిన్న చిన్న అధ్యాయాలు, లావోజి అనే జ్ఞాని చెప్పినవంటారు. అందులో ‘వూ వెయ్’ అనే మాట వస్తుంది. అక్షరాలా చెప్పుకుంటే ‘చేయకపోవడం’. 63వ అధ్యాయంలో దాన్నే ఇంకొంచెం విప్పి ‘వెయ్ వూ వెయ్’ అన్నారు, అంటే చేయకుండా చేయడం. అమ్మాయి చదువుతుంటే నేను వడకడం ఆపేశాను. మా అత్త అప్పటికి లేదు. ఉంటే ఆ పూటే వినిపించేదాన్ని.

ఈ మాట చెబితే మా వీధిలో ఒకరు “అంటే పని మానేసి కూర్చోమనా?” అన్నారు. ఇంకొకరు “గీతలో ఉన్నదేగా” అన్నారు. గీత నాలుగో అధ్యాయం 18వ శ్లోకంలో కర్మలో అకర్మను చూడమన్న మాట ఉంది, నిజమే. కానీ గీత నా చేత ఫలం వదిలించాలని చూస్తుంది. వూ వెయ్ అంతకంటే ముందే, పని జరుగుతున్న ఆ క్షణంలోనే, నా పిడికిలి వదిలించాలని చూస్తుంది. నాకు ఈ రెండోదే ముందు అవసరమైంది. నేను నేర్చుకున్న వరసలోనే మీకూ చెబుతాను.

మొదట పట్టు సంగతి. ఏకుని వేళ్ళతో గట్టిగా నొక్కితే లోపలి పోగులు జారవు. అప్పుడు లాగితే తెగుతుంది. అలాగని బొత్తిగా వదిలేస్తే కదురు (దారం చుట్టుకునే ఊచ) నుంచి వచ్చే పురి, అంటే మెలిక, నేరుగా ఏకులోకి ఎక్కేసి గడ్డ కడుతుంది. ఇక అక్కణ్ణించి దారం రాదు. కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకోవాలి, ఎగిరిపోకూడదు, నలగకూడదు. మీకు రాట్నం లేకపోయినా పర్వాలేదు. రోజూ చేసే పని ఏదైనా ఒకటి తీసుకోండి: అంట్లు తోమడం, బండి నడపడం, చపాతీ ఒత్తడం. ఒక వారం పాటు ఆ పనిలో ఏమీ మార్చకండి. మధ్యలో రెండుసార్లు మాత్రం చూసుకోండి, పళ్ళు బిగించి ఉన్నాయా, భుజాలు చెవుల దగ్గరికి వచ్చాయా అని. నేను కత్తిపీట దగ్గర చూసుకున్నాను. బెండకాయ కోయడానికి గుమ్మడికాయ కోసేంత బలం పెడుతున్నాను. పనికి కావలసిన బలం ఎంతో, మన భయం కొద్దీ కలుపుతున్నది ఎంతో తెలియడమే మొదటి మెట్టు. ఈ మెట్టు దాటకుండా మిగతావి చేస్తే నిలవవు.

రెండోది, ముందుగానే సిద్ధం చేసుకోవడం, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. పొందూరు నూలు సన్నగా రావడానికి కారణం వడికే చెయ్యి ఒక్కటే అనుకుంటారు చూడ్డానికొచ్చినవాళ్ళు. అసలు కథ అంతకు ముందే అయిపోతుంది. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వుతాం. ఆ దవడకున్న సన్నని పళ్ళకి చెత్త చిక్కుకుంటుంది, పోగులన్నీ ఒకవైపు తిరుగుతాయి. తర్వాత గింజ తీయాలి, దూదిని ఏకి విడగొట్టాలి, ఏకులు చుట్టి ఎండిన అరటి దొప్పలో పెట్టుకోవాలి. అప్పుడే 100 కౌంటు నూలు, అంటే చాలా సన్నని నూలు, వస్తుంది. దువ్వడంలో తొందరపడిన రోజున ఎంత నేర్పున్న చేతికైనా దారం తెగుతూనే ఉంటుంది. దావ్ దె జింగ్ 64వ అధ్యాయంలో, పని ఇంకా పుట్టకముందే దాన్ని చూసుకో, చిక్కు పడకముందే సరిచెయ్యి అని ఉంది. దాన్ని వంటింట్లోకి తెచ్చుకోవడానికి నేను వాడే ప్రశ్న ఒకటే: “ఇది నానిందా?”

చింతపండు నానకుండా పిసికితే చెయ్యి నొప్పి పుడుతుంది గాని పులుసు రాదు. అరగంట ముందు నీళ్ళలో వేసి వెళ్ళిపోతే, వచ్చేసరికి మూడు వేళ్ళకే గుజ్జు ఊడివస్తుంది. కష్టంగా ఉన్న ప్రతి పని దగ్గరా ఈ ప్రశ్న వేసుకోండి. పొద్దున్నే పిల్లల మీద అరుస్తున్నామంటే రాత్రి నానబెట్టలేదన్నమాట, అంటే బట్టలు తీయలేదు, సంచీ సర్దలేదు. ఏదైనా ఆఫీసుకి కాగితం పట్టుకుని మూడోసారి తిరుగుతున్నామంటే, మొదటిసారి వెళ్ళినప్పుడే ఏమేం జత చేయాలో అక్కడే కూర్చుని రాయించుకోలేదన్నమాట. ఇప్పుడు నేను రాయించుకుని, వాళ్ళకే చదివి వినిపించి వస్తున్నాను.

అదే దారిలోని మరో పాత చైనా గ్రంథం ‘ఝువాంగ్‌జి’ మూడో అధ్యాయంలో డింగ్ అనే వంటవాడి కథ చాలామంది చెబుతారు. వెన్‌హుయ్ ప్రభువు ముందు ఎద్దును కోస్తాడు. మామూలు వంటవాడు నెలకో కత్తి మారుస్తాడట, నేర్పరి ఏడాదికొకటి. డింగ్ కత్తి 19 ఏళ్ళయినా ఇప్పుడే సాన పట్టినట్టుంది, ఎందుకంటే అతను ఎముకని కొట్టడు, కీళ్ళ మధ్య ఖాళీలోంచి పోనిస్తాడు. చెప్పేవాళ్ళు ఇక్కడితో ఆపేస్తారు. నాకు పనికొచ్చింది తర్వాతి వాక్యం. చిక్కుచోటు వస్తే డింగ్ కూడా జాగ్రత్తపడతాడు. చూపు నిలుపుతాడు, చెయ్యి నెమ్మది చేస్తాడు, కత్తిని ఇసుమంత కదుపుతాడు. తేలిగ్గా చేసేవాడికి కష్టం ఎదురుకాదని కాదు, కష్టం వచ్చిన చోట వేగం పెంచడు. మనం తలకిందులుగా చేస్తాం. చిక్కు కనబడగానే చెయ్యి బిగుస్తుంది, గొంతు లేస్తుంది.

మా అబ్బాయి విషయంలో నేను చేసింది అదే. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేశాడని వాడి స్నేహితుడి నోటి ద్వారా తెలిసింది. అప్పట్నించి రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసేదాన్ని. “తిన్నావా?” తర్వాత రెండో ప్రశ్న “మరి ఉద్యోగం?” వాడు “సరే అమ్మా, తర్వాత మాట్లాడతా” అనేవాడు. కొన్నాళ్ళకి ఎత్తడం మానేశాడు. ఒకరోజు ఫోన్ కింద పెట్టాక వేళ్ళు నొప్పెట్టాయి. చూసుకుంటే ఏకుని నొక్కినట్టే ఫోన్ నొక్కి పట్టుకున్నాను.

అప్పుడు మార్చాను. బుధవారం, ఆదివారం మాత్రమే చెయ్యడం. పూర్తిగా మానలేదు, మానితే గడ్డ కడుతుంది, అది తెలుసు. ఉద్యోగం మాట నేనుగా ఎత్తకూడదు. నా కబుర్లు చెప్పాలి: వాన పడిందా, ఈసారి పత్తి ఎలా ఉంది, పక్కింటి ఆవు ఈనింది. చెప్పి కాసేపు ఊరుకోవాలి. ఆ ఊరుకోవడం నాకు చాలా కష్టమైంది, దాచను. నోటిదాకా వచ్చిన ప్రశ్న మింగి, బదులుగా చక్రం ఒక చుట్టు తిప్పేదాన్ని. అయిదో నెలలో వాడే అడిగాడు, “అమ్మా, చిలపకి ఇప్పుడు ఎంత ఇస్తున్నారు?” అని. చిలప అంటే నూలు కట్ట. అక్కణ్ణించి నలభై నిమిషాలు మాట్లాడాడు. ఉద్యోగం ఇంకా దొరకలేదు. కొన్ని సంగతులు ఇప్పటికీ చెప్పడు. కానీ ఫోన్ వాడే చేస్తున్నాడు.

మీ ఇంట్లోనూ అలాంటి బిగుసుకున్న తాడొకటి ఉంటే, మాట్లాడే రోజులు తగ్గించి ఖాయం చేసుకోండి. వాళ్ళని ప్రశ్న అడిగే బదులు మీ వార్త ఒకటి చెప్పండి. ఒక నెలలో ఫలితం చూడాలనుకోకండి.

బలం పెట్టాల్సిన చోట పెట్టకపోతే అది వూ వెయ్ కాదు. మా అన్న కళింగపట్నంలో ఉంటాడు, వంశధార సముద్రంలో కలిసేచోట. అక్కడ పొద్దున్నే పడవ దించేవాళ్ళని చూడండి. పెద్ద కెరటాలు వరసగా వస్తున్నంతసేపు పడవ పట్టుకుని నిలబడతారు. ఒక్కరూ తొందరపడరు. కెరటాలు కాస్త అణిగిన ఆ కొద్దిసేపట్లో మాత్రం ఒళ్ళంతా పెట్టి తోస్తారు, ఎక్కుతారు, దాటిపోతారు. ఆ నిలబడడమూ ఈ తొయ్యడమూ ఒకే పని. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. అలాంటప్పుడు పిల్లల్ని ఎత్తుకుని పరుగెత్తడమే తేలికైన దారి. నీరు కూడా పల్లం దొరికితే ఆగదు.

ఇంకో చిన్న సంగతి. దావ్ దె జింగ్ 11వ అధ్యాయంలో బండిచక్రం ముప్ఫై ఆకులు (చక్రపు పుల్లలు) నడిమి కుండలో కలుస్తాయని, బండి నడిచేది మధ్యనున్న ఖాళీ వల్లనేనని చెబుతారు. అది విన్న రోజు నా రాట్నం లెక్కపెట్టాను, 24 ఆకులు. ఆ నడిమి బెజ్జంలోకి దుమ్ము చేరితే చక్రం కీచుమంటుంది. రోజుకీ అలాంటి ఖాళీ ఒకటి కావాలి. అందుకని మధ్యాహ్నం భోజనమయ్యాక మూడింటిదాకా ఏ పనీ పెట్టుకోను, ఎవరికీ మాటివ్వను. నిద్ర వస్తే పడుకుంటాను, లేకపోతే అరుగు మీద కూర్చుంటాను. మీకు గంట దొరక్కపోతే పావుగంటైనా ఉంచండి, దాన్ని దేనితోనూ నింపకండి.

ఇవన్నీ చేసినా దారం తెగుతుంది. నాకిప్పటికీ తెగుతుంది. తెగినప్పుడు కొత్తవాళ్ళు ముడి వేయబోతారు. వద్దు, ముడి మగ్గం మీదికి వెళ్ళాక అడ్డుపడుతుంది. చక్రం ఆపండి. కదురు మీదున్న దారం నుంచి బెత్తెడు వెనక్కి విప్పండి. ఏకు కొసని వేళ్ళతో కొంచెం విదిలించి, ఆ దారపు కొసని దాని మీద ఆనించండి. అతికించడానికి నొక్కొద్దు. చక్రం నెమ్మదిగా అర చుట్టు తిప్పండి. పురి వచ్చి రెండింటినీ కలుపుకుంటుంది. అప్పుడు చెయ్యి వెనక్కి తీసుకోండి.