కృత్రిమ కాలితో ట్రాక్ సైక్లింగ్: సాకెట్ నుంచి స్టార్ట్ గేటు దాకా

ట్రాక్ సైకిల్‌కి బ్రేకులుండవు, ఫ్రీవీలూ ఉండదు. వెనక చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరుగుతాయి, వాటితోపాటు కాలూ తిరగాల్సిందే. రోడ్డు మీదైతే సాకెట్ (కృత్రిమ కాలిలో మిగిలిన కాలిని దూర్చే గట్టి తొడుగు) వదులైనట్టు అనిపించగానే తొక్కడం ఆపి సర్దుకోవచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు. అందుకే ఖరీదైన చక్రాల కంటే ముందు సాకెట్‌కి ఖర్చు పెట్టండి. ఇక్కడ చెప్పేదంతా మోకాలి కింద ఒక కాలు కోల్పోయినవారికి. పోటీల్లో వీరు సాధారణంగా సి4 వర్గంలోకి వస్తారు (వైకల్యాన్ని బట్టి సి1 నుంచి సి5 దాకా వర్గాలుంటాయి, అంకె తగ్గేకొద్దీ వైకల్యం ఎక్కువ).

నడకకి చేసిన సాకెట్ వెనక అంచు ఎత్తుగా ఉంటుంది. పెడల్ పైకొచ్చినప్పుడు మోకాలు బాగా మడవాలి. అప్పుడు ఆ అంచు మోకాలి వెనక ఉన్న తొడ కండరాల స్నాయువులకి గుచ్చుకుంటుంది. ప్రోస్థెటిస్ట్ (కృత్రిమ అవయవాలు తయారుచేసే నిపుణుడు) దగ్గరికి సైకిల్‌తో సహా వెళ్లి, స్టాండ్ మీద తొక్కి చూపించి, వెనక అంచు తగ్గించమని అడగండి. సాకెట్‌ని కాలికి పట్టి ఉంచడానికి పిన్ లాక్ (లైనర్ అడుగున ఉన్న పిన్ సాకెట్‌లో లాక్ అయ్యే పద్ధతి) కంటే సక్షన్ (గాలి తీసేసి పట్టించే పద్ధతి) మేలని మా అభిప్రాయం. లైనర్ అంటే కాలికి తొడిగే మెత్తటి తొడుగు. పెడల్‌ని పైకి లాగిన ప్రతిసారీ పిన్ లైనర్ అడుగునే పట్టి లాగుతుంది, కాలి చివర చర్మం సాగి నొప్పి మొదలవుతుంది.

కార్బన్ పాదానికి షూ తొడిగి తొక్కొద్దు. పాదం వంగిన మేరకు బలం వృథా అవుతుంది. అంతకంటే ముఖ్యం, క్లీట్ (పెడల్‌లో ఇరుక్కునే బిళ్ల) ముందుకి ఉంటే తొక్కిన ప్రతిసారీ సాకెట్ వంగి, ఎముక చివర ముందు గోడకి నొక్కుకుంటుంది. క్లీట్‌ని పైలాన్ గొట్టానికి (సాకెట్ కింద ఉండే నిలువు గొట్టం) సరిగ్గా కింద బిగించాలి. దాంతో నడవడం కష్టం కాబట్టి రోజువారీ కాలు ట్రాక్ పక్కనే ఉంచుకోండి.

సీటు ఎత్తు మంచి కాలిని బట్టి పెట్టండి: పెడల్ అడుగున ఉన్నప్పుడు మోకాలు 25–35 డిగ్రీలు వంగి ఉండాలి. తర్వాత కృత్రిమ కాలి పొడవు సర్దండి. చీలమండ కీలు లేదు గనుక అడుగున అందుకోవడానికి పాదం వాలదు. రోలర్ల (సైకిల్ ఉన్నచోటే తొక్కడానికి వాడే తిరిగే గొట్టాలు) మీద తొక్కుతుంటే వెనక నుంచి వీడియో తీయించండి. తుంటి ఆ వైపుకి జారుతుంటే పైలాన్ 3 మిల్లీమీటర్ల చొప్పున పెంచండి. అయినా కుదరకపోతే ఆ వైపు క్రాంక్ (పెడల్ బిగించే చెయ్యి) పొట్టిది వేయండి, 165 మిల్లీమీటర్లకి బదులు 160 లేదా 155. పైన మోకాలు మడత తగ్గుతుంది, అడుగున అందడమూ సులువవుతుంది. ఇలాంటి మార్పులన్నీ పోటీకి ముందే అధికారులకు చూపించి అనుమతి తీసుకోవాలి.

మొదట్లో 48×15 గేరు (ముందు పళ్లచక్రానికి 48 పళ్లు, వెనకదానికి 15) చాలు. ఒక్క తిప్పుకి దాదాపు 6.7 మీటర్లు వెళ్తుంది, గంటకి 40 కిలోమీటర్ల వేగానికి నిమిషానికి సుమారు 100 తిప్పులు పడతాయి. పెద్ద గేరు మీద ఆశ పడొద్దు. స్టార్ట్‌లో ఆ భారమంతా సాకెట్ మీదే పడుతుంది.

వారానికి రెండు రోజులు స్టార్ట్‌లు: ఆగిన చోటు నుంచి 125 మీటర్లు, ఆరు సార్లు, మధ్యలో 6–8 నిమిషాల విశ్రాంతి. ఆ విశ్రాంతిలో లైనర్ విప్పి చెమట తుడవండి. చెమట నిలిస్తే సక్షన్ పోతుంది. ఉస్మానియా యూనివర్సిటీ వెలోడ్రోమ్ లాంటి ఆరుబయట సిమెంటు ట్రాక్‌ల మీద, వేసవిలో తెల్లవారుజామునే ముగించాలి. తొక్కేకొద్దీ కాలు కాస్త సన్నబడి సాకెట్‌లో కిందికి దిగుతుంది. మోకాలిచిప్ప కింద, ఎముక చివర నొప్పి వస్తే అదే గుర్తు. అప్పుడు ఒక ప్లై సాక్ (కాలికీ సాకెట్‌కీ మధ్య ఖాళీ నింపే ఒక పొర మందం సాక్) అదనంగా వేయండి. జిమ్‌లో హిప్ థ్రస్ట్, ఒంటికాలి లెగ్ ప్రెస్ రెండు వైపులా చేయండి. పిక్క కండరం చేయలేని పని పిరుదు, తొడ చేయాలి.

స్టార్ట్ గేటు (పోటీ మొదలయ్యేదాకా వెనక చక్రాన్ని పట్టి ఉంచే యంత్రం) దగ్గర మంచి కాలు ముందుండాలి, ఆ క్రాంక్ అడ్డంగా ఉన్నదానికంటే కొంచెం పైకి. కృత్రిమ కాలికి క్లీట్ పడిందో లేదో స్పర్శతో తెలియదు. సాయం చేసేవారు చేత్తో లాగి చూడాలి, పైన స్ట్రాప్ కూడా బిగించాలి. చివరి బీప్‌ల సమయంలో తుంటి వెనక్కి లాగి, గేటు తెరుచుకోగానే ముందుకి తోయాలి. గేటు తెరవకముందే బలం పెడితే చక్రం జారుతుంది లేదా సైకిల్ గేటులోనే ఇరుక్కుంటుంది. 2012 లండన్ పారాలింపిక్స్ కిలోమీటర్ పోటీలో బ్రిటన్ సైక్లిస్ట్ జోడీ కండీ గేటు దగ్గరే ఆగిపోయారు. మళ్లీ మొదలుపెట్టే అవకాశం ఇవ్వలేదు. గేటు సాధన తప్పనిసరి అనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. 2024 పారిస్‌లో నంద్యాలకి చెందిన షేక్ అర్షద్ దిగింది కూడా ఇలాంటి గేటు నుంచే, ఆయనది సి2 వర్గం.

ముగింపు గీత దాటాక పెడళ్లని వెనక్కి నొక్కి ఆపబోవద్దు, ఆ లాగుడుకి సాకెట్ ఊడిపోవచ్చు. బ్యాంకింగ్ (ట్రాక్ వాలు) పైకి ఎక్కి వేగం తగ్గించుకోండి. అయితే వాలు మీద వేగం గంటకి 30 కిలోమీటర్ల కంటే తగ్గితే టైరు జారే ప్రమాదం ఉంది. చివరి రెండు రౌండ్లలో మెల్లగా కిందికి దిగి, కంచె పట్టుకున్నాకే మంచి కాలు ముందు విప్పండి.

అడాప్టర్ (సాకెట్‌నీ పైలాన్‌నీ కలిపే భాగం) బోల్టుల మీద పెయింటుతో గీత గీసి ఉంచండి. గీత పక్కకి జరిగితే బోల్టు వదులైందని అర్థం. సంచిలో 4 మిల్లీమీటర్ల ఆలెన్ కీ, రెండో లైనర్, సాక్స్, అదనపు క్లీట్ ఉండాలి.

ఇంటికెళ్లాక లైనర్‌ని తేలికపాటి సబ్బుతో కడిగి ఆరబెట్టండి. కాలి మీద ఎర్రదనం 15–20 నిమిషాల్లో పోకపోతే సాకెట్ అక్కడ నొక్కుతోందన్నమాట, ఫొటో తీసి ప్రోస్థెటిస్ట్‌కి చూపించండి. పొక్కు లేచిందంటే అది మానేదాకా సాకెట్ తొడగొద్దు, పోటీ ఎంత దగ్గర్లో ఉన్నా సరే.